నేలను తాకింది అమ్మది

వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేస్తున్నాను. ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారు. నవ్వనివ్వండి. గాలివానకు మా ఇంటి రేకుల కప్పు లేచి మైపాడు దాకా పోయి, గాలి మళ్లగానే వెనక్కి వచ్చి గోడల మీద సరిగ్గా కూర్చుందనీ, దిగి లెక్క చూస్తే ఒక మేకు మాత్రమే తక్కువైందనీ చెప్పినవాణ్ణి నేనే. ఇందుకూరుపేటలో ఇప్పటికీ కొందరు ఆ మేకు దొరికిందా అని అడుగుతారు. అలాంటివాడి ప్రమాణం ఎంత బరువు తూగుతుందో నాకు తెలియనిది కాదు. అయినా చేస్తున్నాను. చేతికి బొబ్బ కూడా వచ్చింది, కావలిస్తే చూపిస్తాను.

మా వైపు రొయ్యల గుంటల్లో నీళ్లను చిలికే ఏరేటర్లు ఉంటాయి. వాటి మోటార్లు కాలిపోతే విప్పి, కొత్త తీగ చుట్టి, మళ్లీ బిగించడం నా పని. అల్లూరు నుంచి వాకాడు దాకా నేను తొక్కని గుంట గట్టు లేదు. మోటారు విప్పుకుని కూర్చున్నవాడి చుట్టూ జనం చేరతారు. చేరినవాళ్లను ఊరికే పంపడం నాకు చేతకాదు. ఒక కథ చెబుతాను, వాళ్లు ఛీ అంటారు, టీ పోస్తారు. పాతికేళ్లుగా ఇలాగే నడుస్తోంది.

వాకాడు దాటి సముద్రం వైపు పోతే, గుంటలన్నీ అయిపోయాక ఇసుక దిబ్బ మీద అమ్మ అడవి ఉంది. దాని చుట్టూ ఉన్న సరుగుడు తోటలు మనుషులు నాటినవి, నాలుగేళ్లకోసారి నరికేవి. అమ్మ అడవిని ఎవరూ నాటలేదు, ఎవరూ నరకలేదు. పాల చెట్లు, నేరేడు చెట్లు, ముష్టి చెట్లు, వాటన్నిటినీ కలిపి కుట్టేసినట్టు పేము తీగలు. ఎన్ని వందల ఏళ్లదో చెప్పగలిగినవాడు లేడు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల మునిమాపులా ఉంటుంది. గుడి లేదు. ఒక పెద్ద పాల చెట్టు మొదట్లో పసుపు పూసిన రాయి ఉంటుంది, అదే అమ్మ. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. ఎండుపుల్ల కూడా బయటికి తేకూడదు. ఈ రెండూ తాతల నాటి కట్టుబాట్లు.

మూడో కట్టుబాటు ఒకటుంది. అడవిలో నేలను తాకిన వస్తువు అమ్మది. మనదైనా సరే, జారి పడితే మళ్లీ తీసుకోకూడదు. ఇది కూడా తాతల నాటిదే అంటారు. కాదు. దాన్ని నేను పుట్టించాను, ఇరవై రెండేళ్ల కిందట.

మా బావ కువైట్ నుంచి తెచ్చుకున్న వాచీని, స్నేహితుడి పెళ్లికి పెట్టుకుంటానని బతిమాలి తీసుకున్నాను. పెళ్లికి పోకుండా కాలవలో ఈతకు దిగాను. వాచీ ఎక్కడ జారిందో తెలియలేదు. సాయంత్రం దాకా బురదలో దేవులాడి, ఇంటికి పోయి, వణుకుతూ నిలబడ్డాను.

"అమ్మ అడవిలో జారి పడింది బావా. తీసుకుందామని వంగినా. చెట్టు పైనుంచి ఒక ఆడమనిషి గొంతు. 'నా నేలను తాకింది నాదిరా' అనింది. చెయ్యి అట్టనే కొయ్యబారి పొయ్యింది."

దేన్నీ నమ్మని మనిషి మా బావ. ఆ పూట ఎందుకో నా వణుకు చూసి నమ్మాడు. "పోనీలేరా, అమ్మకే గదా," అని చేతులు జోడించాడు. మా అక్క పక్కింట్లో చెప్పింది. పక్కిల్లు ఊరంతా చెప్పింది. ఏడాది తిరిగేసరికి, అడవిలో దీపం పెట్టే ముసలమ్మ "మా అవ్వ చెప్పేది" అంటూ నా మాటను నాకే చెప్పింది.

ఆ తర్వాత ఆ చెట్ల కింద చేరినవాటిని చూడాలి. దువ్వెనలు, గొడుగులు, ఒక హెల్మెట్, ఎవరో తుమ్మితే ఊడిపడిన కట్టుడు పళ్ల సెట్టు. అన్నీ అమ్మవే. ఏటా పొంగళ్ల రోజున జనం నన్ను చెట్టు ముందు నిలబెట్టి ఆ గొంతు ఎలా వినిపించిందో చెప్పమంటారు. గట్టు మీద నా మాటలకు పగలబడి నవ్వేవాళ్లే అక్కడ తల వంచుకుని వింటారు. నా మాట నవ్వకుండా వినే చోటు భూమ్మీద అదొక్కటే.

ఇక అసలు సంగతి.

నాలుగేళ్ల కిందటి మాట. నేను మోటార్లు చూసే ఒక రైతుకు పందొమ్మిదేళ్ల కూతురు. డిగ్రీ రెండో సంవత్సరం. వరి పొలం, ఎనిమిది గుంటలు ఉన్న ఇల్లు. ఒకరోజు గట్టు మీదికి నాకు టీ తెచ్చి, గ్లాసు చేతికివ్వకుండా నిలబడింది.

"మామా, నువ్వు ఇన్ని అబద్దాలు చెప్తావు గదా. మా కోసం ఒకటి చెప్తావా?"

"మా అంటే ఎవురమ్మాయ్?"

గుంట అవతలి గట్టు వైపు చూసింది. పట్టుబడికి, అంటే గుంట ఎండగట్టి రొయ్యలు పట్టే రోజుకు, వల లాగడానికి సముద్రపు ఒడ్డు పాలెం నుంచి మనుషులు వస్తారు. వాళ్లలో ఇరవై మూడేళ్ల కుర్రాడు ఒకడు నడుముల్లోతు నీళ్లలో నిలబడి, కావాలనే మా వైపు చూడకుండా ఉన్నాడు. అంత కష్టపడి చూడకుండా ఉన్నవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

ఆ పిల్ల నాన్న ఒప్పుకోడని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ ఇంట్లో పాలెం వాళ్లకు మంచినీళ్లు కూడా గట్టు మీదే పోస్తారు. డిసెంబరు లోపల మెట్ట వైపు సంబంధం ఖాయం చేయాలని చూస్తున్నారు. అంతలోపల పోతే పోయినట్టు. లేకపోతే లేదు.

మేం ముగ్గురం కలుసుకోవడానికి అమ్మ అడవికి మించిన చోటు దొరకలేదు. శుక్రవారం దీపం పెట్టడానికి ఆడపిల్ల పోతే అడిగేవాడు లేడు. పేము తీగల వెనక, మనిషి కూర్చునేంత లావు వేరు మీద కూర్చుని మూడు శుక్రవారాలు పథకం వేశాం. నిజం చెబుతున్నాను, నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ అబద్ధాలు అల్లలేదు.

"అన్నా, నీ ట్రాలీ ఆటో చప్పుడుకి నాలుగూళ్లు లేస్తాయి," అన్నాడు కుర్రాడు. "లేచిపోయేదానికి అదే దొరికిందా?"

"రేయ్ అబ్బయ్యా, నా ఆటో చప్పుడు ఇంటే ఎవుడూ తలెత్తడు. మోటారు పోతా ఉండాదిలే అనుకుంటాడు. నీ బండి మీద పొయ్యి చూడు, కుక్క గూడా ఎవురని అడిగిద్ది."

"మీ ఇద్దురూ ఆటో ఎక్కి పొయ్యి పెళ్లి చేసుకోండి," అంది ఆ పిల్ల. "నేను ఇంటికి పొయ్యి సంగటి తింటా."

కుర్రాడు నవ్వి, మళ్లీ ముఖం గంభీరంగా పెట్టాడు. "తాళి సంగతి తరవాత అన్నా. ముందు కాయితం. మా పాలెంలో ఒకడు తాళి కట్టినంక గూడా పిల్లను లాక్కోని పొయినారు. వయసు కాయితం లేదని."

అదీ అసలు పని. పెళ్లి చేసుకుని పోలీస్ స్టేషనుకు పోయి, మేం మేజర్లం, మాకు రక్షణ కావాలని అడగాలి. అడిగినప్పుడు పదో తరగతి మార్కుల మెమో, ఆధార్ కార్డు బల్ల మీద పెట్టాలి. ఆమెవి వాళ్ల నాన్న బీరువాలో ఉన్నాయి. ఆ పిల్ల పట్టుదల గలది. మూడో శుక్రవారం రెండింటినీ అమ్మకు పెట్టే రవికగుడ్డల మడతలో దాచుకుని తెచ్చింది. ఇంట్లో మళ్లీ దాస్తే దొరుకుతాయి. పాలెంలో పెడితే మొదట వెతికేది అక్కడే. మా ఇంట్లో పెడితే మా ఆవిడ చూస్తుంది, మా ఆవిడ చూస్తే ఊరు చూసినట్టే.

"ఈడే పెడదాం," అన్నాను. "అమ్మ అడవిలో దొంగ చెయ్యి పెట్టడు."

"నేల మీద పెట్టబాకు మామా," అంది వెంటనే.

"నాకు తెలవదా అమ్మాయ్? నాకు తెలవదా?"

రొయ్యల మేత సంచిని కత్తిరించి, కాయితాలను అందులో చుట్టి, నైలాన్ తాడుతో పాల చెట్టు కొమ్మకు నేనే కట్టాను. మూడు ముళ్లు వేశాను.

శనివారం సముద్రంలో వాయుగుండం పుట్టిందన్నారు. మాకు అది మేలే అయింది. పడవలు ఒడ్డెక్కాయి, కుర్రాడికి పని లేదు. గట్లు తెగుతాయన్న భయంతో ఆ పిల్ల నాన్న సోమవారమే అన్ని గుంటలూ పట్టించేస్తానన్నాడు. ఇంటిల్లిపాదీ గట్ల మీదే ఉంటారు. ఆదివారమంతా వాన, గాలి. సోమవారం పొద్దున వాన కాస్త తెరిపి ఇచ్చింది. పది గంటలకు ముగ్గురం అడవిలోకి పోయాం. ఆ పిల్ల ఫోను ఇంట్లో వదిలేసి వచ్చింది, జాడ తీస్తారని. ఒంటి మీద మామూలు పంజాబీ డ్రెస్సు, చేతిలో గొడుగు.

నా ముళ్లు విడిపోలేదు. కొమ్మ విరిగింది. విరిగిన కొమ్మా, తాడూ, సంచీ అన్నీ కలిసి తడి ఆకుల మీద పడి ఉన్నాయి.

కుర్రాడు వంగబోయాడు.

"తాకబాకు!" ఆ పిల్ల అతని చొక్కా పట్టి వెనక్కి లాగింది.

"ఏమే, మన కాయితాలు గదా."

"తెలుసు. నేల మీద పడినాయి."

"గాలికి పడినాయి. మనం పడేసినామా?"

"నా పట్టీ గూడా నేను పడెయ్యలేదు. మా నాయన టార్చిలైటు గూడా ఆయన పడెయ్యలేదు."

ఆ రెండు సంగతులూ నాకు తెలుసు. ఆమెకు ఆరేళ్లప్పుడు పొంగళ్ల రోజున వెండి పట్టీ ఊడిపోతే, వాళ్ల అవ్వ దాన్ని తీయనివ్వలేదు. పిల్ల ఇల్లు చేరేదాకా ఏడ్చింది. పదేళ్లప్పుడు వాళ్ల నాన్న చేతిలోంచి టార్చిలైటు జారిపడితే, ఆయన అటూ ఇటూ చూసి తీసి జేబులో వేసుకున్నాడు. ఆ ఏడు వైట్ స్పాట్ జబ్బు వచ్చి ఎనిమిది గుంటల్లోని రొయ్యలూ తేలిపోయాయి. జిల్లా అంతా గుంటలు పోయిన ఏడాది అది. అయినా ఆ ఇంట్లో మాత్రం టార్చిలైటు వల్లే పోయాయి. ఆయన దాన్ని తెచ్చి అడవిలో పెట్టి, వేటపోతును కొట్టి మొక్కు తీర్చుకున్నాడు. ఆ పిల్ల ఆ ఇంట్లో పెరిగింది.

"ఆయనకి గుంటలు ఉండాయి, పొయినాయి," అన్నాడు కుర్రాడు. "మనకేం ఉండాది పోయేదానికి?"

"నువ్వు ఉండావు."

అతను సంచి వైపు చూశాడు.

"నువ్వు సముద్రం మీదికి పోతావు," అంది. "ఆమె బాకీ యాడ వసూలు చేసుకుంటాదో నాకు తెలుసు. నాకు ఆ కాయితం వద్దు."

పాలెం వాళ్లు సముద్రం మాట వస్తే వాదించరు. కుర్రాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

అప్పుడు నేను నిజం చెప్పాను. "అమ్మాయ్, ఆ మాట అమ్మది గాదు, నాది. మా బావ వాచీ కాలవలో పొయ్యింది. తన్నులు తప్పించుకునేదానికి కల్పించినా. నీ పట్టీ గూడా నా వల్లనే పొయ్యింది. తీసుకో తల్లీ," అన్నాను. ఆ పిల్ల నా వైపు చూసి జాలిగా నవ్వింది. "మామా, ఇప్పుడు గూడా అబద్దమేనా?" అంది. నేనే వంగి తీయబోతే చేయి పట్టుకుంది. "నువ్వు తీస్తే నేను ఇంటికి పోతా," అంది. పాతికేళ్లు అబద్ధాలు చెప్పినవాడు ఒక్కసారి నిజం చెబితే అంతే జరుగుతుంది మరి.

కాయితాలు లేకుండానే బయలుదేరాం. ఆటోలో మోటార్ల మధ్య టార్పాలిన్ కింద ఇద్దరూ కూర్చున్నారు. నేను ఆటో స్టార్టు చేసేలోపల కుర్రాడు ఫోను తీసి, ఆధార్ నెట్‌లో తీయొచ్చంట గదా అన్నాడు. నంబరు ఆమెకు నోటికి వచ్చు. అన్నీ నొక్కాక ఓటీపీ అడిగింది. ఓటీపీ వాళ్ల నాన్న ఫోనుకు పోతుంది. కుర్రాడు ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత టౌను వచ్చేదాకా వాళ్లు మాట్లాడుకోవడం నాకు వినిపించలేదు. వినిపించదు కూడా. నా ఆటో చప్పుడు అలాంటిది.

పెద్ద గుళ్లో వయసు రుజువు అడిగారు. రోడ్డు పక్కన చిన్న గుళ్లో అడగలేదు. పసుపు కొమ్ము కట్టిన తాడు, రెండు దండలు. పెళ్లి పెద్దను నేనే. అక్షింతలు వేస్తుంటే వాన మళ్లీ మొదలైంది. ఆ పిల్ల మెడలో తాడును వేళ్లతో తడిమి చూసుకుంటూ, "పచ్చిగా ఉండాది," అంది.

స్టేషనుకు వాళ్లిద్దరే పోయారు. నన్ను రావద్దన్నారు, నీ మీదికి వస్తుందని. నేను ఎదురుగా టీ కొట్లో కూర్చున్నాను. లోపల ఏం జరిగిందో కుర్రాడు తర్వాత చెప్పాడు. అక్కడున్న అధికారి చెడ్డవాడేమీ కాదు. "కాయితం చూపించమ్మా, ఇప్పుడే రాసుకుంటా," అన్నాడట. నాకు పందొమ్మిది సార్ అందట. "అది నీ నోటి మాట తల్లీ, కాయితం ఏదీ?" అన్నాడట. అడవిలో అమ్మ దగ్గర ఉంది అని ఎలా చెబుతుంది? ఇంట్లో ఉందని చెప్పింది. అయితే ఇంటికే ఫోను చేద్దాం అన్నాడు.

గంటన్నరలో రెండు కార్లు వచ్చాయి. గుంట బురద ఆరని కాళ్లతోనే ఆమె నాన్న దిగాడు. బీరువాలో మెమో లేదని అప్పటికే చూసుకుని వచ్చినట్టున్నాడు, లోపలికి పోయి ధైర్యంగా, "మా పిల్లకి పదిహేడు గూడా నిండలేదు సార్," అన్నాడు. కాదనడానికి బల్ల మీద ఏమీ లేదు.

బయటికి వస్తూ నన్ను చూశాడు. "నువ్వేంది ఈడ?"

"తీగ కోసం వచ్చినా అన్నా. మీ మూడో గుంట మోటారుకే."

"తొందరగా బిగించు," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. నా జన్మలో అంత తేలిగ్గా చెల్లిన అబద్ధం ఇంకొకటి లేదు. వెనక ఇద్దరు ఆడవాళ్లు ఆ పిల్లను రెక్కలు పట్టి కారెక్కించారు. నన్ను చూసింది. చూడనట్టు తల తిప్పుకుంది. నన్ను కాపాడటానికే.

కుర్రాడి మీద మైనరు పిల్లను ఎత్తుకుపోయాడని కేసు పెట్టారు. కుర్రాడి నాన్న పడవ వదిలి కోర్టుల చుట్టూ తిరిగాడు. బడి రికార్డులు తెప్పించి, ఆ పిల్లకు పందొమ్మిదేనని తేలి, అతను బయటికి వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. అయిదో వారంలోనే ఆమెకు మెట్ట వైపు సంబంధం చేసేశారు. జైల్లో ఏం జరిగిందో కుర్రాడు చెప్పడు. ఎడమ చెవి వినిపించదు. పడవలో ఎడమ పక్కనే కూర్చోబెడతారు, మాటలు కుడి చెవికి అందేలా. నాతో మాట్లాడతాడు, మునుపటిలా అన్నా అనే పిలుస్తాడు. అమ్మ అడవి వైపు రాడు.

ఈ ఏడు పొంగళ్లకు ఆ పిల్ల వచ్చింది. పిల్ల అంటున్నాను గానీ మనిషి సగమైంది. భర్త మోటారు సైకిలు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ఆమె పాల చెట్టు వెనక్కి వచ్చింది. మేత సంచి ఇంకా అక్కడే ఉంది. రంగు వెలిసి, సగం ఇసుకలో కూరుకుపోయి, పైన ఆకులు. ఇద్దరం దాన్ని చూశాం, చూడలేదన్నట్టు ఉన్నాం.

"అతను సముద్రం మీదికి పోతా ఉండాడా మామా?"

"పోతా ఉండాడు."

"మొన్న తుఫానులో పాలెం పడవ ఒకటి పొయ్యిందంట గదా."

"అది వేరే వాళ్లది. అతను బాగుండాడు."

కళ్లు మూసుకుని రాయికి దణ్ణం పెట్టింది. "ఆ రోజు తీసుంటే ఉండడు మామా," అంది. "నాకు తెలుసు. ఎట్ట బతికినా ఆ ఒక్క మాట అనుకుంటే నిద్ర పట్టిద్ది." కుంకుమ నుదుట పెట్టుకుని భర్త దగ్గరకు పోయింది. అంతలో జనం నన్ను పిలిచారు, చెట్టు ముందు నిలబడి గొంతు కథ చెప్పమని. పోయి నిలబడి చెప్పాను. ఆమె వెనక వరసలో తల వంచుకుని విన్నది.

కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. పైన రాసినదాంట్లో ఒక్క చోట కల్పించాను. ఆ సోమవారం అడవిలో నేను నిజం చెప్పాననీ, ఆ పిల్ల నమ్మలేదనీ రాశాను. నేను చెప్పలేదు. వంగనూ లేదు.

జరిగింది ఇది. కుర్రాడు వెనక్కి తగ్గాక, ఆ పిల్ల నా వైపు తిరిగింది. పెళ్లికి పోతున్న పిల్ల, చెట్ల మీది నీటి బొట్లకు తడిసి, "నువ్వు చెప్పు మామా. నీతోనే గదా అమ్మ మాట్లాడింది. తియ్యొచ్చా?" అని అడిగింది. తీయొచ్చు అంటే తీసేది. నా మాట వేదం ఆమెకు. ఒక్క మాట చాలు.

భయపడి ఆగిపోయానని రాస్తే మీరు క్షమిస్తారు, అలా రాద్దామని కూడా చూశాను. భయమేమీ లేదు. నా ముఖంలోకి అంత నమ్మకంగా చూసినవాళ్లు అంతకుముందు లేరు. ఆ చూపు పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. ఒక్క నిమిషమే. కాయితం లేకపోతే ఏమైందిలే, ఎలాగో జరిగిపోతుంది అనుకున్నాను.

రాయి వైపు తిరిగి చేతులు జోడించాను.

"వద్దమ్మా," అన్నాను. "తాకబాకు."